జూమ్ లేని లెన్స్

ఆబిడ్స్‌లో ఆదివారం పూట, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన దొరికిందా లెన్స్. చవకది, అంచున గీత పడ్డది. ఆఫీసులో అడిగి తెచ్చుకున్న పాత కెమెరాకు సరిపోయింది.

"దీంట్ల జూమ్ ఉండదమ్మా. మనిషి పెద్దగ కనవడాలంటే నువ్వే దగ్గరికి నడవాలె," అన్నాడు అమ్మేవాడు.

నడవడమే కదా, అదేం పెద్ద పని అనుకున్నాను. నా తెలివి అంతే.

ఫొటోలు తీయడం నేర్చుకోవాలన్న పట్టుదల అమ్మ పోయాక పుట్టింది. దండ వేయడానికి అమ్మ ఒక్కతే ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. అక్కతో దిగినదాంట్లోంచి అక్కను నేనే కత్తిరించాను. అమ్మ భుజం మీద అక్క వేళ్లు నాలుగు మాత్రం మిగిలిపోయాయి.

అహల్యక్క నచ్చినవాణ్ని చేసుకుని ఆరేళ్లయింది. మా బాపు ఆమె పేరెత్తనివ్వడు. అమ్మ పోయిన కబురు కూడా చెప్పొద్దన్నాడు. అక్క నంబరు నా ఫోన్లోనే ఉంది. పిరికిదాన్ని, నోరు మూసుకున్నాను. ఎనిమిది నెలలుగా ఆ వేళ్లను చూస్తూ అన్నం తింటున్నాను.

మొదట్లో తీసినవన్నీ మసకే. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి వెనక గోడ మీది పోస్టరు స్పష్టంగా వచ్చేది. చెయ్యి కాస్త కుదిరాక నాంపల్లి స్టేషన్ దగ్గరికి వెళ్లాను. అక్కడే అక్క పూలబండి. మూడు ఆదివారాలు రోడ్డుకు ఇవతలే నిలబడి కెమెరా ఎత్తాను. ఆటోలు, బస్సులు, వాటి మధ్య గోరంత అక్క. ముఖం తెలిసేది కాదు. ఆ ముఖం కోసం ప్రాణం కొట్టుకునేది.

నాలుగో ఆదివారం రోడ్డు దాటేశాను. దాటగానే నా ముఖం దాచుకోవడానికి కెమెరా కంటికి ఆనించుకున్నాను. లెన్స్ మీది రింగు తిప్పాను. మసక విడిపోయి అక్క ముఖం నిండుగా వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి.

"మూడు వారాలసంది చూస్తున్ననే విజయా. గాడ్నే నిలవడి పోతున్నవ్. గీడికి రానీకి గిన్ని దినాలా?"

కోపం లేదు, నవ్వుతోంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. జుట్టు సర్దుకుని, బండి మీది మల్లెలు మూరెడు తుంచి తలలో పెట్టుకుంది.

"జర మంచిగ తియ్యి. అమ్మకు చూపియ్యి."

కెమెరా దించితే చెప్పక తప్పదు.

దించాను.