గెట్టుకు ఇవతల

గౌలిగూడలో బస్సు దిగినప్పటినుంచీ వాన వదల్లేదు. మార్చి చివర ఇదేం చలి అని అబిడ్స్ అంతా ముడుచుకుపోయింది. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం దుకాణాలవాళ్ళు ఈగలు తోలుకుంటున్నారు.

జిప్పోరా తడిసిన కొంగు పిండుకుంటూ, ముందు నడుస్తున్న బీరయ్య వీపునే చూస్తోంది. ఆ వీపును చూస్తుంటే ఒళ్ళు మండిపోతోందామెకు. ఇద్దరివీ మెదక్ పక్కన హద్దు గెట్టు కలిసిన పొలాలు. నెలంతా పట్టిన ముసురు ఇద్దరి వరినీ పూత మీదే చెడగొట్టింది. కానీ ఒక సాయంత్రం పావుగంట కురిసిన రాళ్లవాన అతని మడుల్లో పడి గెట్టు దగ్గరే ఆగిపోయింది. సర్కారు సాయం రాళ్లవానకేనట. ముసురుకూ చలికీ లేదట!

ఆ రాళ్లేవో నా మడిలో ఎందుకు పడకపోయె ప్రభువా, అని నిన్న ప్రార్థనలో కూడా అడిగింది. పక్కవాడి నష్టం చూసి కుళ్ళుకునే రోజొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మండలం జాబితాలో తప్పిన బీరయ్య పేరు ఎక్కాలంటే గెట్టు పక్క రైతు సాక్ష్యం కావాలన్నారు. అందుకే ఆమెను బతిమాలి తెచ్చాడు. నాంపల్లి రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా వెంకటేశం కాగితం చదివాడు.

“బీరయ్య పొలంలో రాళ్లవాన పడినది. నా పొలంలో పడలేదు. నా పంటకు నష్టము లేదు. గీడ వేలిముద్ర వెయ్యమ్మా.”

సిరా అంటిన బొటనవేలు గాల్లోనే ఆగింది.

“నష్టం లేదని ఎవలు జెప్పిన్రు సారూ?”

“అందరికీ గట్లనే రాస్తం. ముసురు లెక్కలకు రాదమ్మా.”

సారుకు చూపిద్దామని తెచ్చిన వరి కంకులు కొంగుముడిలోంచి తీసి, బల్ల మీద నలిపింది. అంతా తాలే.

“గివి గింజలేనా? జర ఒత్తి చూడుండ్రి.”

బీరయ్య చేతులు జోడించాడు. “అక్కా, నీ కాల్మొక్త. నువ్వు వెయ్యకుంటే నా పేరు గూడ పోతది.”

పోతే పోనీ అనిపించింది జిప్పోరాకు. కడుపు చల్లబడినట్టే ఉంది. ఆ వెంటనే సిగ్గేసింది.

“నీకు రాళ్లవాన పడ్డది నిజం తమ్మీ. గది యాడ జెప్పుమన్నా జెప్త. నా పంట మంచిగున్నదంటే మాత్రం వెయ్య. గా మాట కొట్టెయ్యుండ్రి సారూ.”

“కొట్టేస్తే కాగితం చెల్లదు.”

ఆమె సిరా వేలిని కొంగుకు తుడుచుకుని గోడవారన కూర్చుంది.

బీరయ్య బల్ల మీదికి వంగాడు. ఒక్క గింజ దొరికినా అక్కను ఒప్పించవచ్చు. ఒక్కో పొట్టునూ గోటితో చీల్చి, వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. చూసినది పక్కకు నెట్టి, ఇంకొకటి అందుకున్నాడు.