వెనక సీటు కింద పాలు

పాలు ఒలికితే ఒలికాయి, ఆ ఒలికేదేదో సీటు మీద ఒలికినా సరిపోయేది. అలా కాదు. చంటిదాని సీసా మూత ఊడి, సీసా వెనక సీటు కిందికి దొర్లి, పాలన్నీ కార్పెట్ అడుక్కి చేరాయి. నిన్న సాయంత్రం ఆ హడావిడిలో చెల్లెలు గమనించనే లేదు. గమనించే స్థితిలో ఉంటే కదా! పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, మొగుడేమో డ్యూటీలో ఉన్నాడు, ఏ టాక్సీకి ఫోన్ చేసినా వస్తున్నామనడమే గానీ వచ్చిన పాపాన పోలేదు. చివరికి అక్కే బావ కారు వేసుకుని వచ్చి ఆస్పత్రికి చేర్చింది. మందు పడ్డాక పిల్ల కళ్ళు తెరిచి నవ్వింది, వీళ్ళిద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

ఇవాళ పొద్దున ఫోన్ వచ్చింది. "ఒకసారి రావే," అంది అక్క. గొంతు అదోలా ఉంది.

పిల్లనెత్తుకుని అక్క వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళేసరికి, అక్క కింద పార్కింగ్‌లో కారు నాలుగు తలుపులూ బార్లా తీసి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళగానే పుల్లటి కంపు గుప్పున కొట్టింది.

"ఓస్, ఇంతేనా," అంది చెల్లెలు. "నేను కడిగేస్తాగా. బావతో నా పేరే చెప్పు, మరదలు పాడు చేసింది, మరదలే కడిగిందని."

"మీ బావకి కారు తీసినట్టే తెలీదు."

చెల్లెలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. నిన్న బావని అడిగే తెచ్చిందనుకుంది. బావ పని మీద ఊరెళ్ళాడు, సాయంత్రానికి దిగుతాడు. ఈలోపు వాసన పోవాలి. పోవడమే కాదు, కారు కదిలిందన్న సంగతే ఆయనకి తెలియకూడదు. అదీ అక్క ఉన్న ఇరకాటం.

నిజం చెప్పాలంటే చెల్లెలికి లోపల్లోపల నవ్వొచ్చింది. బావ కారు పిచ్చి చుట్టాలందరికీ తెలిసిందే. ఎక్కేముందు చెప్పులు విప్పి సంచిలో పెట్టుకోవాలి, లోపల మంచినీళ్ళు కూడా తాగకూడదు. "మా బావకి ఇద్దరు పెళ్ళాలు, చిన్నావిడకి నాలుగు చక్రాలు," అని చెల్లెలే ఎన్నోసార్లు అందరి ముందూ ఆటపట్టించింది. అందరూ నవ్వేవాళ్ళు. అక్కా నవ్వేది.

పార్కింగ్‌లో ఓ మూల దుప్పటి పరిచి పిల్లని పడుకోబెట్టి, చీర చెంగు దోపి రంగంలోకి దిగింది. దిగీ దిగగానే ఘనకార్యం చేసింది. వేడినీళ్ళయితే జిడ్డు వదులుతుందని, పైన అక్క ఇంట్లో మరిగించి తెచ్చి బకెట్ నీళ్ళూ గుమ్మరించింది. కాసేపటికి కంపు రెట్టింపైంది. కార్పెట్ కింద స్పాంజి ఉంటుందన్న సంగతి ఆ మహాతల్లికి తట్టలేదు. నీళ్ళ వేడికి పాలు ఉడికి, స్పాంజికి గట్టిగా పట్టేశాయి.

అక్క మొహం పాలిపోయింది.

"తిట్టవే అక్కా. తిడితే నాకు బాగుంటుంది."

"తిట్టడానికి టైమెక్కడుంది," అంది అక్క.

ఇక ఇద్దరూ నడుం బిగించారు. కారు తలుపు కింద అంచున ఉన్న ప్లాస్టిక్ పట్టీని స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి కార్పెట్ పైకి ఎత్తారు. స్పాంజిలోకి చన్నీళ్ళు పోయడం, పాత తువ్వాలు వేసి దాని మీద మోకాళ్ళతో ఎక్కి అదమడం, తువ్వాలు పిండడం, మళ్ళీ పోయడం. పిండిన నీళ్ళు తెల్లగా వచ్చినంతసేపూ ఆగలేదు. తర్వాత వంటసోడా చల్లి, అది వాసన పీల్చుకునేదాకా ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో కుట్ల సందుల్లోంచి గీకారు. పైనుంచి వైరు లాగి టేబుల్ ఫ్యాను పెట్టారు. చెల్లెలికి నడుం పడిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. అయినా మధ్యాహ్నం దాటాక ముక్కు లోపలికి పెట్టి చూస్తే, కంపు లేదు. నిజంగానే పోయింది.

"చూశావా!" అంది గర్వంగా.

అక్క వినడం లేదు. అన్నీ బావ ఉంచినట్టే సర్దుతోంది. డ్రైవర్ సీటుకీ స్టీరింగుకీ మధ్య జాన పెట్టి కొలుస్తోంది. ఏసీ గాలి వచ్చే రెక్కల్ని ఒక్కొక్కటీ వేలితో తిప్పి, తల పక్కకి వాల్చి చూసి, మళ్ళీ తిప్పుతోంది. తుడిచే గుడ్డ మడతలు విప్పి, అంచులు కలిపి, మళ్ళీ మడుస్తోంది.

"ఇవన్నీ గుర్తున్నాయా నీకు?"

"ఉండకపోతే ఎలా."

డ్రైవర్ పక్కన ముందు సీటు మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా షోరూంలోంచి వచ్చినట్టే ఉంది. ఒక్క ముడత లేదు. చెల్లెలు దాన్ని చేత్తో నిమిరింది. "నువ్విక్కడ కూర్చోవా అక్కా?"

"వెనకాలే కూర్చుంటా. ముందు కూర్చుంటే నా ఊపిరికి అద్దం మసకేస్తుందంటారు."

చెల్లెలికి నవ్వొచ్చేదే, నిన్నటిదాకా అయితే. ఇప్పుడు నలుగురి ముందూ తను వేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. నవ్వుతూ కూర్చున్న అక్క మొహం వైపు ఒక్కసారైనా సరిగ్గా చూసిందా? లేదు, చూడలేదు. ఎంతసేపూ తన మాటకి ఎవరెవరు నవ్వుతున్నారా అనే చూసుకుంది.

"ఆయన నిన్ను ఏమన్నా చేస్తాడా?"

"కొట్టరు," అంది అక్క వెంటనే, అదేదో పెద్ద గొప్పయినట్టు.

ఇంకా ఏదో అడగబోయింది. గేటు దగ్గర ఆటో ఆగింది. బావ దిగాడు, చెప్పిన టైముకంటే ముందే.

చేతిలో బ్యాగుతో మెల్లగా నడిచొచ్చాడు. మరదల్ని చూసి నవ్వాడు. కారు చుట్టూ ఓసారి తిరిగి, వెనక తలుపు తీసి, వంగి కార్పెట్ మీద అరచెయ్యి ఆన్చి ఉంచాడు. చల్లగా తగిలి ఉంటుంది. అడుగున తడి ఎక్కడారింది!

"ఎవరు కడిగారు?"

"దుమ్ము పట్టిందని నేనే..." అంది అక్క.

"నేను, బావా," అంది చెల్లెలు. "పాపకి జ్వరం ఎక్కువైతే అక్క ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పాలు ఒలికింది నా వల్లే. ఏమన్నా అంటే నన్నే అను."

"అయ్యో, పాపకి తగ్గిందా? మంచిదమ్మా." గొంతు ఎంత మెత్తగా ఉందో. "నువ్వు ఇంటికెళ్ళు. మేం చూసుకుంటాం." తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎక్కు."

అక్క ఎక్కింది. బావ అద్దాలన్నీ పైకెత్తి, తలుపు మూశాడు.

"వాసన పూర్తిగా పోయిందో లేదో చెప్పాలిగా," అన్నాడు మరదలితో, అదేదో మామూలు విషయమన్నట్టు. "కాసేపు కూర్చుంటే తెలుస్తుంది."

వాలు ఎండ పార్కింగ్‌లోకి దూరి తిన్నగా కారు మీదే పడుతోంది. లోపల అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీపు సీటుకి ఆనకుండా, తల కాస్త వంచి కూర్చుంది. ఎలా కూర్చోవాలో బాగా అలవాటున్న మనిషిలా కూర్చుంది. తలుపుకి తాళం వెయ్యలేదు. లోపలి నుంచి వేలితో లాగితే వచ్చేస్తుంది. అక్క లాగలేదు.

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయన్ని ఇక్కడే పట్టుకుని కడిగెయ్యాలనిపించింది, కానీ అరిస్తే ఆ అరుపుకి రాత్రి బదులు చెప్పుకోవాల్సింది అక్క. వెళ్ళి తలుపు తీసింది.

"దిగక్కా."

అక్క ఆమె వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా మొగుడి వైపు చూసింది, దిగొచ్చా అన్నట్టు.

ఆ చూపు చూశాక ఇక ఏడుపాగలేదు. ఏడుస్తూనే దుప్పటి మీంచి పిల్లనెత్తుకుని వచ్చి, అక్క పక్కన ఎక్కి కూర్చుంది. తలుపు తనే వేసుకుంది. లోపల ఊపిరాడడం లేదు. పిల్ల లేచి గుక్కపట్టింది.

"దిగవే, పిల్ల ఉడికిపోతోంది," అంది అక్క.

"నువ్వు దిగితే దిగుతా."

"నిన్ననే జ్వరం తగ్గిందే, దిగు."

"నువ్వు దిగు."

అక్క పిల్లని లాక్కుని, భుజానేసుకుని, తలుపు తోసి కిందికి దిగింది. ఈసారి ఎవరి వైపూ చూడలేదు. చెల్లెలు వెనకాలే దిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా ఇంటికి పద," అంది. ఇద్దరూ గేటు వైపు నడిచారు.

"చీకటి పడేలోగా వచ్చెయ్యి," అన్నాడు బావ వెనకనుంచి, అదే మెత్తటి గొంతుతో.

అక్క అడుగు ఆగిపోయింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా జారిపోతుంటే, చెల్లెలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.