ఎవర్ని అడిగి చూసినావు

ఎవర్ని అడిగి చూసినావంట, ఎవర్ని అడగాల, డిక్షనరీ చూసేదానికి కూడా అర్జీ పెట్టుకోవాల్నా, అదేమన్నా మా ఓనరు కొడుకు ఇంటి బీరువానా, లోకంలో ఎవరన్నా చూసుకునే డేనిష్ డిక్షనరీ, మాటకు అర్థం చూసినా, అంతే కదా, దొంగతనం చేసినట్టు ఆ చూపేంది, కడుపు మండిపోతాంది, ఈ బస్సేమో మార్కాపురం దాటేదానికే ఇంతసేపు, కిటికీ అద్దం జరగదు, లాగితే గోరు విరిగింది, పక్కన పెద్దామె మల్లెపూలూ టమాటాలూ ఒకే సంచిలో పెట్టుకోని నా కాళ్ళ మీదికి తోస్తాంది, జరుగమ్మా అంటాంది, ఎక్కడికి జరిగేది, రూపాయి అక్కర్లేని జీరో టికెట్టు వచ్చినాక ఆడోళ్ళమంతా బస్సులోనే ఉండాము, సరేలే, జరుగుతా, పొద్దున్నుంచీ అందరూ జరగమనేవాళ్ళే.

ఆ పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో డెన్మార్కు మెసేజీలు చదివి జవాబులు రాసేదానికి ఏఐ ఏజెంటును పెట్టింది ఎవరు, నేను, సాజిదాను, ఏజెంటంటే ఇన్సూరెన్సు ఆయనా అని షెడ్డులో పెట్టెలు సర్దే చెంచక్క అడిగితే నవ్వి, కాదక్కా, కంప్యూటర్లో ఉండే గుమాస్తా, మనిషి ఉండడు అని చెప్పింది నేను, అది డేనిష్ చదువుతాది గానీ యార్డుల్లో కూలోళ్ళు మాట్లాడుకునే మాటలు దానికి గట్టిగా రావు, తెలీకపోతే ఊహించొద్దు, డిక్షనరీ చూడు, చూసే ముందు నన్నడుగు అని తాళం పెట్టింది కూడా నేనే, మొదట్లో ఆత్రంగా మెసేజీకి మెసేజీ ఎత్తుకపోయి, కొనేవాళ్ళ పేర్లతో సహా, ఆ బయటి డిక్షనరీలో పోస్తాంటే మన గుట్టు మనమే సంతలో పరిచినట్టు కాదా, అందుకే ఒక్కో మాటకూ నా ఫోను మోగేది, ఈ మాట చూడనా అని, చూడు అని నొక్కేదాన్ని, టీ తాగుతా నొక్కినా, నమాజు చేసి లేచి నొక్కినా, జొరంలో పండుకోని నొక్కినా, ఒక్కనాడు తప్పు పోలేదు, అదంతా ఒక పని అని ఎవరన్నా అనుకున్నారా, పోయిన నెల మహేషన్న, ఓనరు కొడుకు, తాళం ఓనరు కాడ ఉండాల గానీ నీ కాడేంది అని ఆ అడగడాలన్నీ తన ఫోనుకు మార్పించుకున్నాడు, మార్పించుకోని ఏం చేసినాడు, పొదిలిలో చుట్టాల గృహప్రవేశానికి పోయి బంతిలో కూచోని తింటాంటే ఫోను మోగిందంట, ఈ మాట చూడనా, మళ్ళా మోగిందంట, ఇంకో మాట చూడనా, వాళ్ళ ఇంట్లో ఎవరో లోను యాపుల వాళ్ళ చేతిలో పడి పరువు పోయినప్పట్నుంచి వాళ్ళ నాయన ఒకటే మంత్రం, ఫోను ఏదడిగినా వద్దు అని నొక్కురా అని, ఈయన నొక్కినాడు, ఎప్పటికీ వద్దు అని, నొక్కి పెరుగన్నం కలుపుకున్నాడు.

ఏజెంటు అప్పుడు చదువుతాండిన ఆ మెసేజీ పెట్టింది ఇంగ్లీషులో రాసే ఆఫీసామె కాదు, ఆ దేశంలో యార్డు కాడ మన పెట్టెలు దించుకునే ఆయన, పగిలిన పలకల ఫోటోలు, కింద నాలుగు ముక్కలు వాళ్ళ భాషలో, డిక్షనరీ మూసేస్తే ఏజెంటు మాత్రం ఏం చేస్తాది, సర్దడంలో తప్పు జరిగి పగిలి ఉండొచ్చు అని రాసి మహేషన్నకు పంపింది, ఉండొచ్చు అంది, ఈయనకు ఉండొచ్చు గిండొచ్చు ఏమీ లేదు, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం, నిన్న పొద్దున్నే షెడ్డులోకి వచ్చి ఈ పెట్టె సర్దింది ఎవరు అన్నాడు, ఎవరు, చెంచక్కే, ఒక్కో పలకనూ చెవి కాడ పెట్టుకోని వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటే పెట్టెలోకి, బొంగురుగా పలికితే పక్కకి, పండబెడితే పగులుతాయి బిడ్డా, పలకను నిలబెట్టే పంపాల అని వరసగా నిలబెట్టి నడుమ వరిగడ్డి కూరే మనిషి, ఆమెను పట్టుకోని, రేపట్నుంచి రావద్దు, నీ చెయ్యి మంచిది కాదు అన్నాడు, ఆ మాట ఎంత దూరం పోతాదో తెలీదా ఆయనకు, ఈ వరసలో ఉండే ఫ్యాక్టరీలన్నీ ఒకరి గేటు కాడి మాట ఇంకొకరు వింటారు, పలకలు పగలగొట్టే చెయ్యి అని పేరు పడితే ఎవరు పెట్టుకుంటారు, పుట్టినప్పట్నుంచి ఆ పనే తెలిసిన మనిషి ఇంకే పనికి పోతాది, ఆమె కొంగుతో చేతుల దుమ్ము తుడుచుకోని, అన్నం క్యారియరు తీసుకోని, వస్తా సాజిదమ్మా అని పోయింది, ఏడ్చినా బాగుండు, మన్ను ఎత్తి పోసినా బాగుండు, నేను గుడ్లప్పగించి చూస్తా నిలబడినా.

అందుకే ఈ పొద్దు అన్నం మానుకోని కూచున్నా, ఆ యార్డాయన మెసేజీ ముందర పెట్టుకోని, మాట మాటా నేనే డిక్షనరీలో కొట్టి చూసినా, ఏజెంటుకు వద్దన్నారు గానీ నాకు ఎవరూ వద్దనలా, అన్నీ కలిపితే ఆయన రాసింది ఇది, మా కాడే క్రేను కొక్కెం జారి పెట్టె కిందపడింది, మీరు అంత బాగా సర్దబట్టి సగమన్నా మిగిలినాయి, పగిలినన్ని మళ్ళా పంపండి, ఇంతే, ఇదే అందులో ఉండేది, ఉరుక్కుంటా పోయి మహేషన్నకు చూపిస్తే, ఆయన చదివినాడు, రెండోసారి చదివినాడు, మొహం ఎర్రబడింది, అయ్యో అంటాడనుకున్నా, ఎవర్ని అడిగి చూసినావు అన్నాడు, నిజం తెలిసింది కదన్నా అంటే, నాకూ కళ్ళున్నాయి సాజిదా, నలుగురి ముందర పొమ్మన్న మనిషిని నలుగురి ముందర రమ్మంటే రేపు నా మాట ఎవడు వింటాడు, పండగ పోనీ చూద్దాం, నువ్వు మాత్రం నోరు తెరవద్దు, తెరిస్తే ఆమె వెంబడే నువ్వూ పో అన్నాడు, మాటకు విలువంట, ఆయన మాటకుండే విలువ ఆమె చేతికి లేదా, పొట్ట కొట్టి పైన పరువు కబుర్లు, సిగ్గుండాల, ఇదంతా బస్సులో కూచోని మనసులో అనుకుంటాండా గానీ అక్కడ నేనేమన్నా, సరే అని తలూపినా, కంభంలో ఇంటికి పోయి మా అమ్మీకి చెప్తే ఏమంటాదో కూడా తెలుసు, కందకు లేని దురద కత్తిపీటకెందుకే, నీ ఉద్యోగం నువ్వు చూసుకో అంటాది, మింగలేను, కక్కలేను.

ఆ ఏజెంటును కూడా తిట్టాల, అసలు ముందు దాన్నే తిట్టాల, ఊహించొద్దని లక్ష సార్లు చెప్తే ఊహించి ఒక మనిషి మీద రాస్తాదా, ఫోను తీసింది దాన్ని తిట్టేదానికే, మహేషన్న ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టింది అది రాసిన దాంట్లో పైముక్క ఒక్కటే, నేను కూడా అంతే చూసి నేరుగా యార్డాయన మెసేజీకి పోయినా, కింద ఏముందో ఇప్పుడు తీస్తాండా, బస్సు గుంతలో పడి ఎగిరింది, టమాటా ఒకటి దొర్లిపోయింది, అయ్యో అంటాంది పెద్దామె, కింద రాసి ఉంది, ఇందులో కొన్ని మాటలు నాకు తెలియవు, డిక్షనరీ చూడటానికి అనుమతి అడిగాను, ఇవ్వలేదు, కాబట్టి నేను చూడలేదు, పైన రాసింది ఊహ మాత్రమే, దీన్ని బట్టి ఎవరినీ తప్పు పట్టవద్దు, చూసినవారు ఎవరైనా ఉంటే దయచేసి సరిచేయండి.

చూసినవారు ఎవరైనా ఉంటే, యా అల్లా, ఉండాను కదా, నేనే, లోకం మొత్తానికి నేనొక్కదాన్నే, దానికి వద్దంటే ఆగింది, ఆగినా అని రాసింది, ప్రాణం లేని దానికే అంత నిజాయితీ ఉంటే నాకేమైంది, నన్ను ఎవరు ఆపినారు, ఎవరూ ఆపలా, నేనే ఆగినా, టమాటా ఏరి పెద్దామె చేతిలో పెట్టి లేచినా, తర్లుపాడు వస్తాంది, చెంచక్క ఊరు, కంభం దాకా కొట్టినా గదమ్మా టికెట్టు అంటాండాడు కండక్టరు, కొడితే కొట్టినావులే అన్నా, ఆపు బస్సు, చెంచక్కను ఎరిగిన వాళ్ళందర్నీ పిలుచుకుంటా, ఆ యార్డాయన మాటలు ఊరందరి ముందర చదివి చెప్తా, రేపు గేటు కాడ ఆమె పక్కన నిలబడి మళ్ళా చదువుతా, నన్ను పొమ్మంటే పొమ్మను, మహేషన్న తెలీక తీసినాడు నిన్న, ఈ పొద్దు తెలిసి కూడా నోరు మూసుకోని కంభంలో దిగితే, చెంచక్కను పనిలోంచి తీసింది మహేషన్న కాదు, నేను.