ఇరుసు మార్చేది లేదు

తల్లిదండ్రులు ఆమెకు పెట్టిన పేరు ఒకటుంది గాని, కొండదారిలో బండి తోలడం మొదలుపెట్టాక ఊరందరి నోటా ఆమె మొండిఘటమే అయింది. మొదట వెక్కిరింపుగా అన్నారు, తరవాత అలవాటుగా అన్నారు. చివరికి ఆమే ఆ మాటను తన పికప్ బండి వెనక తలుపు మీద ఎర్రరంగుతో రాయించుకుంది. ఇక ఏడిపించేవాళ్ళకు పని లేకుండా పోయింది.

బుధవారం నాడు ఆ బండి పరువు మూడో మలుపులో పోయింది. కొండ మీద కడుతున్న ఆసుపత్రికి సిమెంటు బస్తాలు తీసుకెళ్తుండగా, వెనక ఎడమ చక్రం ఇరుసు లోపల విరిగిన కడ్డీతో సహా ఊడి కాలవలో పడింది. ఆసుపత్రి పని చూసే మేస్త్రీ దిగొచ్చి చూసి, ఆమెతో కాదు, బస్తాలు దించడానికి వచ్చిన ఆమె అన్నతో అన్నాడు.

"శనివారం పొద్దున నిండు లోడుతో పైకి రావాలి. లేదంటే ఈ దారి సరుకంతా ట్రాక్టరు వాళ్ళకిచ్చేస్తా. మీ చెల్లికి చెప్పు."

చెల్లి రెండడుగుల దూరంలోనే నుంచుని ఉంది. రెండేళ్ళుగా వానలో, బురదలో ఆ కొండెక్కింది ఆమె. ఆ దారి పోతే మళ్ళీ సందుల్లో మంచాలూ బీరువాలూ మోసుకుంటూ, "జాగ్రత్తమ్మా, మీరు తోలగలరా?" అనే ప్రశ్న ఇంటింటా వినాలి. ఆ ప్రశ్నంటే ఆమెకు ఒళ్ళుమంట.

ఆ సాయంత్రమే బండిని మేనమామ షెడ్డుకు లాగించారు. గురువారం ఆమె అక్కడికి వెళ్ళేసరికి తీర్పు అయిపోయింది. లారీలు బాగుచెయ్యడంలో మేనమామను మించినవాడు చుట్టుపక్కల లేడు. ఆయన ఎక్కడి నుంచో ఓ పాత చిన్న లారీ ఇరుసు తెప్పించి చెక్కదిమ్మల మీద పెట్టించాడు. రెండు చక్రాలనూ కలిపే గొట్టం, మధ్యలో గేర్ల డబ్బా, అన్నీ ఆమె బండివాటికి ఒకటిన్నర రెట్లు లావు. వెల్డింగు అద్దాలు నుదుటి మీద సిద్ధంగా ఉన్నాయి.

"చూడవే, ఏనుగు కాలులా లేదూ? నీ ఇరుసు పీకేసి ఇది బిగిస్తా. పదేళ్ళు తిరిగి చూసుకోనక్కర్లేదు."

"నా ఇరుసుకు ఏమైందట మామయ్యా?"

"విరిగింది కదే!"

"విరిగింది లోపలి కడ్డీ. గొట్టం సొట్ట పోలేదు, గేర్ల పళ్ళు అరగలేదు. రాత్రే కిందకి దూరి అన్నీ చూశా. బేరింగు పట్టేసి కడ్డీని కోసేసింది. నెల రోజులుగా వెనక హుమ్మని మోత వస్తుంటే నేనే రేడియో పెంచుకుని తోలా. తప్పు నాది, బండిది కాదు."

ఇంత నిజాయితీగా తప్పు ఒప్పుకున్నవాళ్ళను లోకం మెచ్చుకుంటుందని పుస్తకాల్లో రాస్తారు. షెడ్డులో మాత్రం మామయ్య నవ్వాడు.

"ఒప్పుకున్నావుగా, ఇక పక్కకు జరుగు. లావు కడ్డీ అయితే విరగదు."

"లావు కడ్డీలు నా గొట్టంలో పట్టేవే ఉన్నాయి. గట్టి ఉక్కువి. ఇవాళ పొద్దున్నే తెచ్చా. కొత్త బేరింగులు కూడా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

అన్న ఇటు చూశాడు, అటు చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "మామయ్య అనుభవం ముందు మనమెంత," అన్నాడు మెల్లగా.

అప్పుడు ఆమెకు నిజంగా కోపం వచ్చింది. జేబులోంచి సుద్దముక్క తీసింది.

"అన్నయ్యా, ఈ లారీ ఇరుసు ఆ చివర పట్టుకో. చక్రాలు బిగించే రెండు హబ్బులూ కలిసి పదిసార్లు తిప్పుదాం. మామయ్యా, గేర్ల డబ్బాలో ఇంజను కడ్డీ తగిలే ఈ మూతి ఎన్నిసార్లు తిరుగుతుందో నువ్వు లెక్కపెట్టు."

మూతి మీద సుద్దగీత గీసింది. మామయ్య విసుక్కుంటూనే లెక్కపెట్టాడు. యాభై ఒకటి. తరవాత బండి ముందుభాగాన్ని జాకీ మీద లేపి ముందు చక్రాలకూ అదే పని చేశారు. నలభై ఒకటి. తన బండి వెనక ఇరుసు గేర్ల పళ్ళు కూడా ఆమె రాత్రే లెక్కపెట్టింది. అక్కడా పదికి నలభై ఒకటే.

"అయితే ఏంటట?" అన్నాడు మామయ్య. కాని గొంతులో పస తగ్గింది.

"నాది నాలుగు చక్రాలూ లాగే బండి మామయ్యా. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి పరిగెత్తి ఒకటి నడిస్తే కాడి ఉంటుందా? నీ ఏనుగు కాలు బిగిస్తే మూడో మలుపులో నా గేరుపెట్టె ముక్కలవుతుంది."

ఆయన మూర్ఖుడు కాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతిలో బాగుపడినవన్నీ వెనక చక్రాలతో నడిచే లారీలే, ముందు చక్రాలతో లెక్క సరిపోవాలన్న అవసరం ఎన్నడూ రాలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. తట్టినదాన్ని ఒప్పుకోవడం వేరే విద్య.

"అయితే నాలుగు చక్రాల గేరు వెయ్యకుండా తోలు."

"నిండు లోడుతో ఆ గులకరాళ్ళ మీద నువ్వు తోలి చూపించు. నేను వెనకాల నడిచొస్తా."

"నేను చెయ్యి వెయ్యను పో!"

"వెయ్యొద్దు. జాకీ తియ్యకుండా ఉంటే చాలు. పానాలు నావి నాకున్నాయి."

మామయ్య కుర్చీ గుమ్మంలో వేసుకుని వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు వీపే చూపించాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె బేరింగును కడ్డీ మీదికి దిగ్గొడుతుంటే అది కాస్త ఒరిగింది. సుత్తి చప్పుడు మారింది. వీధి వైపు చూస్తున్న మామయ్య దగ్గాడు. ఆమె ఆగి, దాన్ని వెనక్కి తీసి, సరిచూసి మళ్ళీ కొట్టింది. ఈసారి దగ్గు రాలేదు.

శనివారం పొద్దున బస్తాలు నిండాక మామయ్యే వచ్చి పక్క సీటులో ఎక్కి కూర్చున్నాడు. మూడో మలుపు ముందు ఆమె బండి ఆపి నాలుగు చక్రాల గేరు వేసింది. చక్రాల కింద గులకరాళ్ళు చిట్లాయి. బండి ఒకసారి జారి, పట్టు దొరికించుకుని, మూలుగుతూ పైకి పాకింది. మామయ్య అలవాటుగా రేడియో వైపు చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

"వద్దు. బేరింగు వినాలి."

ఇద్దరూ చెవులప్పగించి పైదాకా విన్నారు. మోత లేదు.

మేస్త్రీ బండి చుట్టూ తిరిగాడు, వంగి కిందికి చూశాడు, లేచి మామయ్య భుజం తట్టాడు.

"భలే చేశావయ్యా! ఇరుసు మార్చేశావా? ఏది వేశావు?"

మామయ్య ఆ చేతిని భుజం మీంచి తీసేశాడు.

"నన్నడుగుతావేంటి? చేసిందీ అదే, తోలిందీ అదే. నోరుంది దానికి. దాన్నే అడుగు."

మేస్త్రీ రెండేళ్ళలో మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. ఏమని పిలవాలో తెలియక నోరు తెరిచి ఆగిపోయాడు. ఆమె దిగి, బండి వెనక తలుపు వైపు చెయ్యి చూపించింది.

"అక్కడ రాసుంది మేస్త్రీ గారూ. పెద్దగా చదవండి."