గొడ్డలి నోటిమాట

పక్క వాటా ఆవిడ పాలవాడితో చెప్పిందట, పాలవాడు వీధంతా పంచాడు: గొడ్డలి నిద్రలో కూడా కాళ్లు విసురుతాడట, మంచం కోడు విరగ్గొట్టాడట, అప్పట్నుంచీ భార్య వంటింట్లోనే పడుకుంటోందట.

మంచం మాట ఎలా ఉన్నా, ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో గొడ్డలి విరగ్గొట్టిన కాళ్లు తక్కువేం కావు. ఆ పేరు పెట్టింది ప్రేక్షకులే. బంతి దాటితే దాటనీ, మనిషి దాటకూడదన్నది అతని సిద్ధాంతం. మోకాళ్లు అరిగాక కోచ్ అయ్యాడు. బూట్లు విప్పాడు గానీ బుద్ధి విప్పలేదు. దున్న అనే డిఫెండర్ని ఏరుకుని తన విద్యంతా వాడికి ధారపోశాడు.

మైదానం గీత అవతలి నుంచి కోచ్ "ఆపు!" అంటే బంతి వంక చూడనక్కర్లేదు. మనిషిని పడగొట్టాలి, మళ్లీ లేవకుండా. ఇసుక మూట వేలాడదీసి, ఆ మాట అన్నప్పుడల్లా తన్నించేవాడు. దున్న ఒక్క క్షణం ఆలోచిస్తే చెంప పగిలేది.

"చెవికీ కాలికీ మధ్య బుర్రెందుకురా అడ్డం?"

సెమీఫైనల్లో అవతలి జట్టు ఫార్వర్డు గొడ్డలి సొంత మేనల్లుడు. పొద్దున్నే చెల్లెలు వచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, వాడికి ఆట తప్ప ఇంకో పని చేతకాదు. వాడి కాళ్లు నీ చేతుల్లో పెడుతున్నా."

"నా చేతులు ఏ పాపం ఎరగవే, చేసిందంతా కాళ్లే" అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "ఇవాళ నా నోట ఆ మాట రాదు. సరేనా?"

మేనల్లుడు మొదటి సగంలోనే గోల్ కొట్టాడు. విరామంలో దున్న అడిగాడు. "సార్, ఆపమంటారా?"

"నోర్మూసుకుని బంతి ఆడు!" గొడ్డలి తన్నిన తన్నుకు బెంచీ గోడకు కొట్టుకుంది.

రెండో సగంలో మేనల్లుడు బంతిని దున్న కాళ్ల సందులోంచి పోనిచ్చి, "ఏం దున్నా, గడ్డి మేస్తున్నావా?" అన్నాడు. దున్న మోచేయి వాడి ముక్కు పగలగొట్టింది. వాడు నెత్తురు ఉమ్మి, తలతో దున్న పెదవి చీల్చాడు. రెండు జట్లూ కలబడ్డాయి. పిడికిళ్లు, బూట్లు, బూతులు. రిఫరీ ఈల ఎవరికీ వినబడలేదు. మేనల్లుడు వెల్లకిలా పడ్డాడు. దున్న వాడి ముంగాలి మీదికి బూటెత్తాడు.

ఎత్తి, ఆగాడు. ఆజ్ఞ లేదుగా. గీత వైపు చూశాడు.

గొడ్డలికి ఎత్తిన బూటే కనిపించింది. కుంటుతూ, రొప్పుతూ, చేతులు ఊపుతూ మైదానంలోకి పరుగెత్తాడు.

"ఆపు! ఒరేయ్, ఆపు!"

బూటు దిగింది. ఎముక విరిగితే ఎండుకట్టె చప్పుడంటారు గానీ, తడిగుడ్డని బండకేసి కొట్టినట్టు వినిపించింది. మేనల్లుడి పాదం పక్కకు తిరిగిపోయింది. "మావయ్యా" అని ఒక్క కేక పెట్టాడు.

ఆసుపత్రి వరండాలో చెల్లెలు దున్న కాలరు పట్టుకుంది. గొడ్డలి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నీ కాళ్లు పడిపోను! పడిపోయినవాడి కాలు తొక్కుతావా? ఎవడు చెప్పాడ్రా నీకు?"

దున్న చీలిన పెదవిని జెర్సీతో తుడుచుకున్నాడు.

"కాలెత్తి ఆగిపోయానమ్మా నేను. ఆపమన్నది మీ అన్నయ్యే."