డాక్టరుగారి తెరచాప చేప

ఇరవై ఆరేళ్లలో డాక్టర్ లియోంగ్ మమ్మల్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. మార్చి మొదటి వారంలో కౌలాలంపూర్ నుంచి ఫోన్ చేశారు. నెలాఖరుకు గుండె ఆపరేషన్ ఉందట. దానికి ముందు ఒక్క తెరచాప చేపనైనా తన చేత్తో పట్టాలని ఉందట. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. మా ఊరు రొంపిన్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేసి, రోజూ రేవు పక్కనుంచే ఆస్పత్రికి నడిచి వెళ్లి, ఒక్కసారి కూడా సముద్రం మీదికి పోలేదు. ఇదేం చోద్యమండీ అంటే, తీరిక దొరకలేదమ్మా అన్నారు.

ఎంతమంది వస్తారు, ఏ రోజు అని మామూలుగా అడిగి ఫోన్ పెట్టేశాను గానీ పాత రోజులు కళ్ల ముందుకొచ్చాయి. మా అమ్మాయి సుహైలా పుట్టిన డిసెంబరులో ఊరంతా వరద. నాకు నొప్పులొచ్చేసరికి రోడ్డు నీళ్లలో ఉంది, మేము బడి మేడమీద ఉన్నాం. డాక్టరుగారు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని చిన్న పడవలో వచ్చారు. బెంచీల మధ్య చాప పరిచి పురుడు పోశారు. బిడ్డా నేనూ దక్కాం. తర్వాత మా ఆయన మోయలేనంత పెద్ద చేప పట్టుకెళ్లి ఇస్తే తీసుకోలేదు. కావలసినప్పుడు నేనే అడుగుతానని పంపేశారు. ఇదిగో, ఇప్పుడు అడిగారు.

మా ఆయన డెరామన్ సరంగు, నేను అబాంగ్ అని పిలుస్తాను. బోటు నడపడం ఆయన పని, మిగతాదంతా నా నెత్తినే. ఐసు ఏ కొట్లో కొంటామో ఆయనకు ఇప్పటికీ తెలియదు. కస్టమర్లతో మాట్లాడేది, రోజు కుదిర్చేది, మా బోటు చాలకపోతే ఇంకో సరంగును బతిమాలి తెచ్చేది, అన్నీ నేనే. రేవులో నన్ను కక్ సోమ్, అంటే సోమ్ అక్క, అంటారు. నా నోటికి జడిసేవాళ్లు కూడా నా మాట మీద బోటు పంపుతారు.

శుక్రవారం నమాజు రోజు, మా వాళ్లెవరూ సముద్రం మీదికి పోరు. వారాంతాల్లో బోట్ల రద్దీ. పోటూ గాలీ చూసుకుని బుధవారం ఖాయం చేశాను. డాక్టరుగారి అబ్బాయి రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి నా ప్రాణం తోడేశాడు. నాన్నకు ఎండ తగలకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు, మాత్రలు ఆలస్యం కాకూడదు, ఉప్పు తగ్గించాలి. ఆయన డాక్టరు బాబూ, నువ్వు కాదు అనబోయి నోరు మూసుకున్నాను. వడ్రంగిని పిలిచి, చేతులున్న కుర్చీ ఒకటి కాళ్లు కోయించి బోటు వెనక బిగించాను. పైన గుడ్డ పందిరి వేయించాను. ఉప్పు తక్కువ వేసి అల్లం గంజి చేద్దామనుకున్నాను. అన్నీ కుదిరాయి.

ఆ సాయంత్రం మా ఆయన మెట్టు మీద కూర్చుని, ఎర ఎక్కడిది సోమ్ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తెరచాప చేపకు బతికిన చిన్న చేప కావాలి. చిన్న చేపలు కావాలంటే ఉంజం ఉండాలి. కొబ్బరి మట్టలు తాడుకు గుత్తులుగా కట్టి, కింద బరువు, పైన వెదురు బొంగు పెట్టి సముద్రంలో దింపుతాం. ఆ నీడకు చిన్న చేపలు చేరతాయి. అదే ఉంజం. మావి నాలుగూ వానాకాలం అలలకు కొట్టుకుపోయాయి. కొత్తవి దింపినా చేప మరగడానికి మూడు వారాలు పడుతుంది. మాకున్నది తొమ్మిది రోజులు. సిమెంటు దిమ్మలు కట్టి దింపుతాడు కాబట్టి ఇంకో సరంగు ఎంబోంగ్‌వి మాత్రం నిలిచాయి. ఆ ఎంబోంగ్ మా ఆయనతో మాట్లాడి ఆరేళ్లయింది.

ఒకరి ఉంజం దగ్గర ఇంకొకరు అడగకుండా బోటు కట్టడం మా దగ్గర దొంగతనం కంటే హీనం. అడిగితే కాదనేవాళ్లు లేరు, పట్టినదాంట్లో కొంత వాళ్ల ఇంటికి పంపితే చాలు. ఆరేళ్ల కిందట మా ఆయన అడగకుండా ఎంబోంగ్ ఉంజానికి బోటు కట్టాడు. ఎంబోంగ్ తన కస్టమర్లతో వచ్చి చూసి, అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బోటులో పని నేర్చుకున్నవాళ్లు. తప్పు నాదేనని మా ఆయన తాడు విప్పుకుని వచ్చేశాడు.

తప్పు ఆయనది కాదు. ఆ వారం చేపలే లేవు, కస్టమర్లు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. ఎంబోంగ్ భార్య సెపియాను అడిగాను, వెళ్లమంది, వెళ్లండి అని ఆయనను పంపింది నేను. నిజానికి నేను ఎవరినీ అడగలేదు. సాయంత్రం ఎలాగూ చెప్పి సర్దుకుందాం అనుకున్నాను. ఆ రాత్రి మా ఆయన నన్ను చీల్చి చెండాడతాడని ఎదురుచూశాను. అన్నం తిని పడుకున్నాడు. నేనూ ఆ సంగతి ఎత్తలేదు. ఇన్నేళ్లూ ఎంబోంగ్ బోటు ఎదురొస్తే మా ఆయన మొహం పక్కకు తిప్పుకునేవాడు, నేను లోపల చచ్చేదాన్ని.

ఇప్పుడు డాక్టరుగారికి ఎర లేదని ఫోన్ చేయడమా, ఎంబోంగ్ గుమ్మం ఎక్కడమా? రెండు రోజులు కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మూడోనాడు తలకు గుడ్డ సరిచేసుకుని వెళ్లాను.

ఎంబోంగ్ వాకిట్లో మట్టలు కడుతున్నాడు. కూర్చోమనలేదు. నేనే నేల మీద కూర్చుని, పెద్దరికమిచ్చి పాక్ అని పిలిచాను.

"పాక్ ఎంబోంగ్, ఆ రోజు మీ దగ్గర అడిగానని మా ఆయనకు చెప్పింది నేను. అబద్ధం చెప్పాను. ఆయనకేం తెలీదు."

ఆయన చేయి ఆగలేదు. గుమ్మంలో నిలబడ్డ సెపియా మాత్రం ఎవరిని అడిగానని చెప్పావు అంది. మీ పేరే చెప్పాను కక్ అన్నాను. సెపియా లోపలికి పోయి టీ తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది. అందులో చక్కెర వేయలేదు. నోరెత్తకుండా తాగాను. తర్వాత డాక్టరుగారి సంగతి చెప్పాను, వరద సంగతి, ఆపరేషన్ సంగతి. చెబుతూంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి రాలేదు, అడగడానికొచ్చాను అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎంబోంగ్ గుత్తి కట్టడం పూర్తిచేసి పక్కన పెట్టాడు.

"చోటు చెప్పను. అది నోటితో చెప్పేది కాదు, దీనికే చెప్పలేదు నేను," అని సెపియా వైపు గడ్డం ఎత్తాడు. "పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు?"

ఇంటికొచ్చి, ఎంబోంగ్ మన బోటులో వస్తాడని మా ఆయనకు చెప్పాను. ఏం చెప్పి ఒప్పించావు అన్నాడు. నిజం చెప్పానన్నాను. ఇంజను చూడాలని రేవుకు పోయాడు.

బుధవారం తెల్లవారుతూంటే డాక్టరుగారు కొడుకు చేయి విదిలించుకుని తనంతట తానే బోటెక్కారు. మాత్రలు చూసుకోవాలని నేనూ ఎక్కాను. ఆఖరున ఎంబోంగ్ వచ్చాడు. మా ఆయన చుక్కాని దగ్గర నుంచి లేచి చోటిచ్చాడు. సరంగు తన చుక్కాని ఇంకొకరికివ్వడం నేను చూడటం అదే మొదలు. గంటన్నర పోయాక ఎంబోంగ్ వెనక్కి తిరిగి ఒడ్డున కొండలు చూసుకున్నాడు, కొంచెం పక్కకు తిప్పాడు, అంతే, వెదురు బొంగు కనిపించింది. ఈకలు కట్టిన చిన్న గాలాలు వదిలితే పావుగంటలో ముప్పై పైగా బతికిన చేపలు తొట్టిలో పడ్డాయి.

పక్షులు దూకుతున్నచోట ఎర వదిలాం. మొదటిది తగిలి తప్పించుకుంది. నేనే తొందరపడ్డాను అని డాక్టరుగారు నొచ్చుకున్నారు. రెండోది తగలగానే రీలు కీచుమంది. అల్లంత దూరాన చేప నీళ్లలోంచి నిలువునా లేచింది, వీపు మీద నీలం తెర విప్పుకుని. కొడుకు గాలపు కర్ర అందుకోబోతే డాక్టరుగారు అతని చేయి మీద ఒకటి వేశారు.

ముప్పావుగంట పట్టింది. మా ఆయన వెనక నిలబడి డాక్టరుగారి నడుము పటకా పట్టుకున్నాడు. ముసలి చేతులకు బరువు తెలియకుండా ఎంబోంగ్ బోటును చేప మీదికే నడిపాడు. మా ఆయన ఎడమ చేయి ఎత్తితే ఆపేవాడు, వేళ్లు కదిపితే వెనక్కి తీసేవాడు. ఆరేళ్లు మాట్లాడుకోని ఇద్దరికి ఒక్క సైగ కూడా తప్పలేదు. నేను మాత్రలు చేత్తో పట్టుకుని, దేవుడా, ఆ గుండెను ఇంకో పది నిమిషాలు నిలబెట్టు అని వేడుకుంటూనే ఉన్నాను.

చేప బోటు పక్కకొచ్చింది. మా ఆయన తడి చేత్తో దాని పొడవాటి ముక్కు పట్టుకున్నాడు. డాక్టరుగారు వంగి దాని డొక్క మీద రెండు వేళ్లు ఆనించి, నాడి చూసినట్టు కాసేపు అలాగే ఉన్నారు. గాలం తీసి, అది తేరుకునేదాకా నీళ్లలో పట్టుకుని నడిపించి వదిలేశాం. తోక ఒక్క విసురు విసిరి పోయింది.

"సుహైలా పుట్టిన రోజు కూడా నా చేతులు ఇలాగే వణికాయి, సోమ్," అన్నారు ఆయన, చేతులు చూసుకుంటూ. "నువ్వు భయపడతావని చెప్పలేదు."

ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఇంకేం చేయను? పందిరి కింద ఆయనను పడుకోబెట్టి, మాత్రలిచ్చి, గంజి గిన్నె మూత తీస్తున్నాను. అప్పుడు ఎంబోంగ్ చుక్కాని మీద చేయి తీయకుండానే మా ఆయనను అడిగాడు.

"సోమ్ అడగలేదని నీకు తెలుసా?"

"నువ్వు అరుస్తున్నప్పుడే అర్థమైంది."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

మా ఆయన గాలం తాడు చుట్టుకుంటూ, అదేదో వాతావరణం సంగతి అన్నట్టు చెప్పాడు.

"నువ్వు మాట్లాడకపోతే నాకు నువ్వొక్కడివే పోతావు. సోమ్ మాట అబద్ధమని తెలిస్తే దానికి రేవులో ఒక్కడు కూడా బోటు పంపడు. అది మాట మీద బతికే మనిషిరా."

ఎంబోంగ్ ఇంజను వేగం తగ్గించాడు. తర్వాత పక్కకు జరిగి, నీ బోటు నువ్వే నడుపుకో, దీని చుక్కాని నాకు నచ్చలేదు అన్నాడు. మా ఆయన చుక్కాని పట్టుకోగానే పక్కనే కూర్చున్నాడు. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి.

నాకు గిన్నె కనిపించలేదు, కళ్లు నిండిపోయాయి. ఇంటికి పోయాక చెబుదామంటే నా సంగతి నాకు తెలుసు, గుమ్మం దాటగానే ఐసు పెట్టె కడగలేదని అరుస్తాను. అందుకే అక్కడే, డాక్టరుగారి ముందూ ఎంబోంగ్ ముందూ అనేశాను.

"అబాంగ్, ఇన్నేళ్లూ నా పరువు కాపాడారు. మీ మేలు మర్చిపోను."

మా ఆయన వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"గంజి పెట్టు సోమ్," అన్నాడు, "ముందు ఎంబోంగ్‌కి పెట్టు."