గ్రేస్ పుట్టినరోజు ఆదివారమే

గ్రేస్‌కి అయిదేళ్లు నిండేది గురువారం. వాళ్లమ్మ శిల్ప రాయపూర్‌లో ఓ ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు సెలవు దొరకలేదు. పార్టీ ఆదివారం పెట్టుకుందాం, చర్చి అయ్యాక పాస్టరుగారు ప్రార్థనకి ఎలాగూ వస్తారు అన్నాడు భర్త అభిషేక్. ఇంతవరకూ తప్పేమీ లేదు.

శిల్ప అక్కడితో ఆగితేగా! గురువారం పొద్దున్నే పిల్ల కేకేదని పేచీ పెడితే డ్యూటీకి కదలడం ఎలాగని, "నీ బర్త్‌డే ఆదివారమే బంగారం" అనేసింది. కాకినాడలో అమ్మమ్మకి ఫోన్ చేసి, గురువారం నోరు మెదపొద్దంది. పండరీ బజార్లో గులాబీరంగు గౌను కొని బీరువాలో దాచింది. పిలిచేది తాముండే మోవా పేటలో పక్కిళ్ల పిల్లల్నే, వండేది చికెన్ పలావే. ఇన్ని ఆలోచించిన మహాతల్లికి, పిల్ల పుట్టిన తేదీ బడివాళ్లకీ తెలుసన్న సంగతి మాత్రం తట్టలేదు.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి గ్రేస్ గుమ్మంలోనే ఎదురైంది, ముక్కుపుటాలు ఎగరేస్తూ.

"మమ్మీ, మా టీచర్ పెద్ద ఝూటీ! ఇవాళ నా బర్త్‌డే అంట. అందరిచేతా పాట పాడించి నాకు కాగితం కిరీటం పెట్టబోయింది. నేను పెట్టుకోలేదు."

"ఎందుకు పెట్టుకోలేదమ్మా?"

"మా మమ్మీ సండే అంది, మా మమ్మీ అబద్ధం చెప్పదు అన్నాను. అందరూ నవ్వారు. నేను ఏడవలేదు, తెలుసా?"

శిల్ప భుజాన బ్యాగుతో అలాగే గడపమీద కూలబడింది. క్లాసంతా నవ్వుతుంటే గుప్పెడంత పిల్ల ఒక్కతే నిలబడి తన తరఫున పోట్లాడింది. శిల్ప సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఇప్పుడు ఊరుకుంటే ఆదివారం దాకా ఎలాగో గడిచిపోతుంది. కానీ పాపం ఆ టీచర్‌ని అబద్ధాలకోరుని చేసి తాను మంచిదానిలా కూర్చోవడం ఆమెవల్ల కాలేదు.

"టీచర్ చెప్పిందే నిజం. అబద్ధం చెప్పింది నేనే. సారీ తల్లీ," అంది.

గ్రేస్ పేచీ పెట్టలేదు. పెట్టినా బాగుండేది. తల్లి మొహంకేసి కాసేపు చూసి, లోపలికెళ్లి బొమ్మలు ముందేసుకుంది.

ఆదివారం బెలూన్లు కట్టారు. పలావు వాసన వీధి దాకా వచ్చింది. పాస్టరు యోహానుగారు ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే పిల్లలు కేకు చుట్టూ మూగారు. శిల్ప కూతురి చేతికి కత్తి ఇచ్చి, పైన తన చెయ్యి వేసింది. గులాబీ గౌనులో గ్రేస్ కేకు వైపు చూడలేదు, అమ్మ వైపూ చూడలేదు. తండ్రి వైపు తిరిగింది.

"డాడీ, ఇవాళ నిజంగా సండేనా?"